బొమ్మ దగ్గదు

బాబు ఏడవకూడదు. ఏడిస్తే గజ్జలో ఉబ్బు బయటికి వస్తుంది, చిన్న నిమ్మకాయంత. ఏడుపు మానితే మెల్లగా లోపలికి జారిపోతుంది. అది జారేదాకా నాకు ఊపిరి ఆడదు. అందుకే కొన్నాళ్లుగా మా ఇల్లంతా వాడి ఏడుపు చుట్టూ తిరుగుతోంది. ఆకలి వాడికి తెలియకముందే పాలు పట్టాలి. తడి తగిలీ తగలకముందే బట్ట మార్చాలి. పక్కింటి రేడియో గట్టిగా మోగితే వెళ్లి తగ్గించమని బతిమాలాలి. మా ఆయనకు ఈ వారం రైల్వేలో రాత్రి డ్యూటీ. ఫలక్‌నుమాలో చివరి బండి వెళ్లిపోయాక వీధి సద్దుమణుగుతుంది, వాడు నిద్రపోతాడు, నాకు నిద్ర రాదు. ఊయల తాడు ఎడమ చేతికి చుట్టుకుని కుడి చేత్తో ఇది రాస్తున్నాను.

ఈ సాయంత్రం చిన్నత్త వచ్చింది. మా బాపుకు ఒక్కతే చెల్లెలు, పేరు సుగుణ. ఒక జిల్లా దవాఖానలో డాక్టరు. బాబు కోసమే సెలవు పెట్టి బస్సెక్కి వచ్చింది. నేనిచ్చిన చాయ్ పక్కన పెట్టి, వాడిని చాప మీద పడుకోబెట్టి, రెండు పక్కలా చూసింది. రెండు పక్కలా చూడడం ఆమె అలవాటు. వేలు నొప్పి అని వెళ్లినా రెండో చెయ్యి కూడా చాపమంటుంది. "రేపు అడ్మిట్ చేసుకుంటరు గద, మంచిదే. ఆలస్యం చేస్తే ఏదో ఒకనాడు లోపలికి పోకుంట ఇరుక్కుంటది, గప్పుడు మస్తు లొల్లి," అంది. తర్వాత చాయ్ అందుకుంటూ, "ఆపరేషన్‌కు ముందుగాల చదువుకునే పిల్లలు వస్తరు, చూడనీకి," అంది.

"ఎంతమంది?"

"బ్యాచంతా వస్తది."

"పెద్ద డాక్టరు చూసిండు గద అత్తా. మళ్ల వీళ్లెందుకు? వాడు ఏడిస్తేనే ఆ ఉబ్బు కనబడతది. అంటే ఏడిపిస్తరా?"

"కొంచెం ఏడుస్తడు," అంది చిన్నత్త. "చూడనిస్తవా లేదా అన్నది నీ ఇష్టం. తల్లివి నువ్వు. వద్దంటే ఎవ్వరు బలవంతం చెయ్యరు," అని చాయ్ తాగేసి లేచింది. గట్టిగా ఒక మాట అని ఉంటే నేనూ ఒక మాట అని తేల్చుకునేదాన్ని. నా ఇష్టం అనేసి వెళ్లి, పక్కగదిలో హాయిగా పడుకుంది. అప్పటి నుంచి నాకు ఆమె సర్జరీ పరీక్ష రోజులే గుర్తుకొస్తున్నాయి.

అప్పట్లో మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో ఉండేది. ముందు రెండు గదులు, వెనక వాటికి మూడింతల కొట్టం. మాకంటే బర్రెలకే జాగా ఎక్కువ. తాతల నాటి నుంచి మాది పాల వ్యాపారం. తెల్లవారుజామున బాపు పాలు పిండేవాడు, అమ్మ వాటిని వడగట్టి క్యాన్లకు పోసేది, నాయనమ్మ గడపలో పీట వేసుకుని కూర్చుని వచ్చినవాళ్లకు కొలిచేది. కొలిచేటప్పుడు ఆమె నోట్లో వక్కాకు ఉండేది కాబట్టి కళ్లతోనే మాట్లాడేది. తలుపు తీస్తే నానబెట్టిన తెలగపిండి వాసన, కుడితి పులుపు, దోమలకు వేసిన వేపాకు పొగ. మా జడల్లో, బడి సంచుల్లో, అన్నంలో కూడా ఆ వాసనే ఉండేది. దండెం మీద చిన్నత్త తెల్లకోటు ఒక్కటే ఫినాయిల్ వాసన వేసేది. అమ్మ దాన్ని మిగతా బట్టల్లో కలిపి ఉతికేది కాదు. నాయనమ్మ దాన్ని దూడలు నోట పెట్టకుండా ఎత్తున ఆరేసి, ఆరేదాకా కింద కాపలా కూర్చునేది. మా వాళ్లలో అంత చదువు చదివిన ఆడపిల్ల అంతకుముందు లేదు. ఆ మాటకొస్తే మగపిల్లవాడూ లేడు.

చిన్నత్త ఆఖరి సంవత్సరం అన్నీ పాసై సర్జరీలో తప్పింది. ఆ వార్త సందులోకి ఎలా పాకిందో తెలియదు గానీ, మర్నాడు పాలకు వచ్చిన ప్రతివాళ్లూ గిన్నె చాపుతూనే జాలి పడ్డారు. చుట్టాలు మెల్లమెల్లగా వచ్చి, చదివినంతవరకు చాలదా అని బాపుకు నచ్చజెప్పారు. వాళ్లు వెళ్లాక బాపు చిన్నత్తను పిలిచి, "ఇంకొక్కసారి రాయి. ఈసారి గూడ గాకుంటే ఇగ చాలు బిడ్డా. ఇంట్ల ఉండు, పాల లెక్కలు చూస్కో. నాకు అందరికి జవాబు చెప్పుడు చేతనైత లేదు," అన్నాడు. బాపు కోపంతో అన్నమాట అయితే రెండు రోజుల్లో పోయేది. అలసిపోయి అన్నాడు. అందుకే అది ఇంట్లో అలాగే నిలిచిపోయింది. చిన్నత్త తలవంచుకుని సరే అంది. చేతిలో ఉన్న కాలం ఆరు నెలలకు కొంచెం తక్కువ.

ఇప్పుడు కోఠీలో ఏ దుకాణం మెట్లెక్కినా పరీక్షకో గైడు దొరుకుతుంది, దాని పక్కనే జిరాక్సు మిషను. అప్పుడు అలా కాదు. చిన్నత్త గూట్లో మొదట రెండే ఉండేవి. ఒకటి కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకం. మొదటిసారి పరీక్షకు దాన్ని అట్ట నుంచి అట్టదాకా చదివింది. ఏ పేజీలో ఏ వాక్యం ఉందో చెప్పేది. రెండోది స్నేహితురాలు రజియా ఇచ్చిన నోట్సు. రజియా వాళ్లది బార్కస్. ఇద్దరూ ఒకే బ్యాచి, ఆమె మొదటిసారే పాసైంది. సైక్లోస్టైల్ చేసిన ఆ కాగితాలను ముట్టుకుంటే వేళ్లకు సిరా అంటేది. ప్రతి ఏడూ తిరిగి తిరిగి అడిగే ప్రశ్నలు, వాటికి కుదించిన జవాబులు. "అరే సుగుణా, ఆ మోటీ కితాబ్‌ను మళ్ల ముట్టకు. అదే చదివి తప్పినవ్ గద. అడిగేటివి గివే, గివి బట్టీ పట్టు, ఖతం," అని రజియా చెప్పి వెళ్లింది. చిన్నత్త పొద్దున నోట్సు తీసేది. మధ్యాహ్నానికి భయం పట్టుకుని, ఇందులో లేనిది అడిగితే ఎలా అని పెద్ద పుస్తకం తీసేది. సాయంత్రానికి కాలం చాలదని మళ్లీ నోట్సు. ఏది చదివితే గట్టెక్కుతుందో తేల్చుకోలేక అన్నం సరిగా తినడం మానేసింది. అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది.

మూడో పుస్తకం బాపు తెచ్చాడు. ఒక ఆదివారం పాలు పోసి వస్తూ ఆబిడ్స్ పాత పుస్తకాల వాళ్ల దగ్గర సైకిల్ ఆపాడట. ఖాళీ క్యాన్ల మధ్య గోనెసంచిలో చుట్టి తెచ్చి, రెండు చేతులతో ఎత్తి గడప మీద పెట్టాడు. ఇంత ఎత్తు పుస్తకం. తెరిస్తే ప్రతి పేజీలో రంగుల బొమ్మలు, కోసిన కడుపులు, నరాలు, దారాలు. అమ్మ ముఖం తిప్పుకుంది. "నాలుగు దుకాణాలు తిరిగిన," అన్నాడు బాపు చెమట తుడుచుకుంటూ. "అందరు చిన్న చిన్నయి చూపెట్టిండ్రు. నేనన్న, మా చెల్లె డాక్టరు, పరీక్ష ఆపరేషన్‌ది, ఆపరేషన్ బుక్కు ఇయ్యి, అన్నిట్ల పెద్దది ఇయ్యి అన్న. గిది ఇచ్చిండు. మోసి చూడు, ఎంత బరువున్నదో."

చిన్నత్త పుస్తకం తిరగేసింది. అట్ట చూసింది. ఒక్క క్షణం నా వైపు చూసింది. నాకేమీ అర్థం కాలేదు. "మంచిది తెచ్చినవ్ అన్నా," అంది.

ఆ రోజు నుంచి బాపు కొట్టంలో పని ముగించుకుని వచ్చే వేళకు ఆమె ఒళ్లో ఆ పుస్తకమే ఉండేది. బాపు కాళ్లు కడుక్కుంటూ, "ఎన్ని పేజీలైనయే?" అని అడిగేవాడు. ఆమె ఏదో ఒక లెక్క చెప్పేది. బాపు తృప్తిగా తలాడించి అన్నానికి కూర్చునేవాడు. ఆయన లోపలికి వెళ్లగానే చిన్నత్త నోట్సు తీసేది. ఆమెకు దొరికే పూటల్లో ఒక పూట రోజూ అలా పోయేది.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ వెనక గోడకు పిడకలు కొడుతోంది. నేను పేడలో వరిపొట్టు కలిపి ముద్దలు అందిస్తున్నాను. చిన్నత్త వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, "అవ్వా, నువ్వు చెప్పు. పెద్దది చదవాల్నా, రజియా ఇచ్చింది చదవాల్నా?" అని అడిగింది. ఎంత దిక్కుతోచక ఉంటే సంతకం కూడా రాని తల్లిని ఆ ప్రశ్న అడిగిందో ఇప్పుడు అర్థమవుతుంది.

"నన్నడుగుతవేందే పోరీ," అని నాయనమ్మ నవ్వి, "పోయినసారి దేంట్ల తప్పినవ్? రాసేదాంట్లనా?" అంది.

"రాసేదాంట్ల మంచి మార్కులే వచ్చినయి. మనిషిని చూసి చెప్పేదాంట్ల తప్పిన."

"ఏం జూసినవ్?"

చిన్నత్త నా వైపు చూసి తటపటాయించింది. నేను పేడ కలపడంలో లీనమైనట్టు తల వంచాను. "ఒక ముసలాయన. హెర్నియా. అంటే గజ్జల్ల పేగు దిగుతది. నిలబెట్టి, లుంగీ తీసి, దగ్గమని చెప్పి చూడాలె. చూసినవా అని అడిగిండు సారు. చూసిన అన్న. ఏ దిక్కున్నది అన్నడు. కుడి దిక్కు అన్న."

"అయితే?"

"ఎడమ దిక్కుండె."

నాయనమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "దిక్కు తెల్వకుంట ఎట్ల చెప్పినవే?"

"పుస్తకంల కుడి దిక్కే ఎక్కువమందికి వస్తదని ఉన్నది." చిన్నత్త గొంతు చిన్నదైపోయింది. "ఆయన తీస్త అన్నడవ్వా. నేనే వద్దన్న. దుప్పటి కప్పి ఉండంగనే పక్క పొంటి నిలబడి వచ్చిన. ఒక్కసారి గాదు. మగవాళ్ల వార్డుల మా అమ్మాయిలం ఎవ్వలం ఎన్నడు సరిగ చూడలే. వెనక నిలబడి రాసుకున్నం. రజియాకు అదృష్టం, మెడ మీద గడ్డ ఉన్న ఆడామె వచ్చింది."

నాయనమ్మ మొదట నవ్వింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎప్పుడు ఆగిందో, మెల్లగా కళ్లు తుడుచుకోవడం చూశాను. పేడచేతి వెనక భాగంతో చిన్నత్త తల నిమిరి, "రేపు నేనొస్త పద," అంది.

"ఎక్కడికి?"

"నీ మొగోళ్ల వార్డుకు."

అలా మొదలైంది. సాయంత్రం చుట్టాలను లోపలికి వదిలే వేళకు నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, చిన్న పాలక్యాను పట్టుకుని బయలుదేరేది. ఆ క్యాను పట్టుకున్న ముసలమ్మను ఆ దవాఖానలో ఎవరూ ఆపేవారు కాదు. ఆయా చాయ్‌కి కాసిని పాలు పోసి, వార్డులోకి వెళ్లి, మంచాల మధ్య తన ఇల్లే అన్నట్టు తిరిగేది. సెలవుల్లో నన్నూ తీసుకెళ్లి వరండాలో కూర్చోబెట్టేది. కిటికీలోంచి అంతా వినబడేది. ఊరంతా పాలు పోసి పోసి ఆమెకు ఉర్దూ మాతృభాషలా వచ్చేది. ఒకరోజు ఒక కుర్రాడు దుప్పటి గట్టిగా పట్టుకుని, "అమ్మా, మేరేకు శరమ్ ఆతీ," అన్నాడు.

"శరమ్ ఆతీ తో తూ ఆంఖా మూంద్‌లే బేటా," అంది నాయనమ్మ. "ఉసే తో ఖుల్లే రఖ్‌నాచ్ పడ్తా." సిగ్గయితే నువ్వు కళ్లు మూసుకో, ఆ పిల్లకు తెరిచి ఉంచక తప్పదు అని. చుట్టుపక్కల మంచాల వాళ్లంతా పకపకా నవ్వారు. ఆ నవ్వులో కుర్రాడూ నవ్వేశాడు. నాయనమ్మ వెంటనే వీపు తిప్పి మంచానికి అడ్డంగా నిలబడి, చీర కొంగు పరదాలా పట్టుకుంది. ఆ కొంగు వెనక చిన్నత్త మొదటిసారి ఒక మగమనిషిని నిలబెట్టి, రెండు పక్కలా చూసి, దగ్గమని చెప్పింది. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం కందిపోయి ఉంది. రిక్షాలో కూర్చున్నాక, "అవ్వా, దగ్గితే చేతికి తెలుస్తది. పుస్తకంల తగులుతది అని రాసుంటది, ఏం తగులుతదో ఇయ్యాల తెలిసింది," అంది. ఆ రాత్రి అన్నం అడిగి పెట్టించుకుని తింది.

నాయనమ్మ నాకు ఒక్కటే చెప్పింది, బాపు దగ్గర నోరు విప్పవద్దని. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరు గొంతు పెంచినా నాకు భయమేసేది. బాపు ఎప్పటిలాగే పేజీలు అడిగేవాడు. చిన్నత్త ఎప్పటిలాగే లెక్క చెప్పేది. రోజూ వార్డుకు వెళ్లడంతో చదివే వేళ ఇంకా తగ్గిపోయింది. పెద్ద పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇచ్చేసింది. రజియా నోట్సులో కూడా ఆ రోజు చూసిన రోగం ఉన్న కాగితమే చదివేది, మిగతావి ముట్టుకునేది కాదు. అది సరైన దారో కాదో ఆమెకు చెప్పేవాళ్లు లేరు. పరీక్ష దగ్గరకొచ్చేస్తోంది. చదవని కాగితాలు గూట్లో అలాగే ఉన్నాయి. ఒక్కోసారి వాటి ముందు నిలబడి వేలిగోళ్లు కొరుక్కునేది.

మాకు గడ్డి అమ్మే యాదగిరికి గడ్డి కోసే మిషనులో చెయ్యి పడింది. అతన్ని చేర్చింది ఆ వార్డులోనే. కట్టు కట్టించుకుని బయటికి వచ్చిన రోజే గడ్డి దుకాణం దగ్గర పదిమంది ముందు బాపుతో అన్నాడట, "ఏం పటేలా, మీ చెల్లె మొగోళ్ల లుంగీలు ఇప్పిపిస్తున్నదట గద, మీ అమ్మను కాపలా పెట్టి మరీ."

ఆ సాయంత్రం బాపు గడ్డి లేకుండా ఇంటికి వచ్చాడు. చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. పాలు పిండే వేళయింది. బకెట్లు కడిగి బోర్లించి ఉన్నాయి. బర్రెలు అరవడం మొదలుపెట్టాయి. మా ఇంట్లో జ్వరమొచ్చినా, చావు జరిగినా ఆ వేళ మాత్రం తప్పేది కాదు. అమ్మ ఒకసారి వచ్చి చూసి, బకెట్ తీసుకుని కొట్టంలోకి వెళ్లింది. బర్రెలు ఆమె చేతికి అలవాటు లేక కాళ్లు ఝాడిస్తున్న చప్పుడు. సందులో పాలకు వచ్చినవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడే నాయనమ్మ, చిన్నత్త రిక్షా దిగారు.

"యాదగిరి చెప్పింది నిజమేనా?" అన్నాడు బాపు. ఎవరి ముఖమూ చూడలేదు.

"నిజమే అన్నా," అంది చిన్నత్త.

బాపు లేచి వెళ్లి గూట్లోంచి తాను తెచ్చిన పుస్తకం మోసుకొచ్చి మంచం మీద పెట్టాడు. చదువురాని మనిషి, బొమ్మలు చూసి చూసి పేజీలు గుర్తు పెట్టుకున్నాడు కాబోలు. తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. "గిది గాదా? గజ్జలది?"

"గదే."

"రంగులేసి మరీ ఉన్నది. గిది చూసి నేర్సుకోరాదా? గింత పెద్ద బుక్కుల లేనిది ఆ వార్డుల ఏమున్నది?"

"అన్నా, బొమ్మ దగ్గదు."

"ఏంది?"

"నిలబడమంటే నిలబడదు. దగ్గమంటే దగ్గదు." చిన్నత్త ఆగలేదు. "మనిషి దగ్గినప్పుడు చేతికి తెలువాలె. అది తెల్వకనే పోయినసారి తప్పిన. ఈ బుక్కు ఆపరేషన్ చేసేటోళ్లది అన్నా. ముందుగాల రోగమేందో చెప్పొస్తే గద కోసేది. నా పరీక్ష గదే, చెప్పేదాంట్లనే."

బాపు పుస్తకం వైపు చూశాడు. యాదగిరి మాట కంటే ఈ మాట ఆయనకు ఎక్కువ తగిలిందని నాకు అప్పుడే తెలిసింది. "మరి గిన్ని దినాలు ఎందుకు చదివినట్టు చేసినవే?" అన్నాడు.

"నువ్వు మోస్కొచ్చినవ్ గద," అంది చిన్నత్త. అని ఏడ్చేసింది.

బాపు పుస్తకం మూశాడు. "సరే, తప్పు నాదే. గానీ మొగోళ్ల వార్డుల మాత్రం ఇగ అడుగు పెట్టేది లేదు. పాసైతే గాని, కాకుంటే పాయె. నలుగురిల తల ఎట్ల ఎత్తుకోవాలె నేను?"

అప్పటిదాకా గడపలోనే నిలబడ్డ నాయనమ్మ పాలక్యాను కింద పెట్టింది. "తల సంగతి తర్వాత, కొడుకా," అంది. "గడ్డిమోపు దించినప్పుడల్ల కొట్టం వెనక్కి పోయి గోడకు ఆనుకుని గజ్జల ఒత్తుకుంటవ్ గద, గదేంది?"

కొట్టంలో బకెట్ చప్పుడు ఆగింది.

"నేను చూడలేదనుకున్నవా? బిగించి గోచి ఎందుకు కడుతున్నవో తెల్వదనుకున్నవా? మీ నాయిన గూడ గిట్లనే దాసిండు. కడుపునొప్పి అన్నడు, వాము నమిలితే పోతదన్నడు. సిగ్గుకు నాకు గూడ చెప్పలే. ఉబ్బు లోపలికి పోకుంట నల్లగైనంక జెప్పిండు. దవాఖానకు తీస్కపోయే దాంక గూడ ఆగలే మనిషి." నాయనమ్మ గొంతు ఎక్కడా పెరగలేదు. "నువ్వు సిగ్గుపడి దాసుకుంటవ్. నీ చెల్లె సిగ్గుపడి చూడదు. ఇగ ఎవలు బతుకాలెరా? అది చూసి నేర్సుకునేది ఎవని కొడుకునో, ఎవల మొగన్నో. నిన్ను చూసేది గూడ ఎవని చెల్లెనో, ఎవని బిడ్డనో అయితది. ఆళ్ల ఇంట్ల గూడ వద్దనాల్నా?"

బాపు లేచి కొట్టంలోకి వెళ్లి, అమ్మ చేతిలోంచి బకెట్ అందుకుని, చీకటి పడేదాకా పాలు పిండాడు. ఆ రోజు పాలు ఆలస్యంగా పోశాం. అందరూ మా ముఖాలు చూస్తూ పోయించుకున్నారు. మర్నాడు సాయంత్రం చిన్నత్త తయారు కాలేదు, రజియా నోట్సు ముందేసుకుని ఒకే కాగితం చూస్తూ కూర్చుంది. నాయనమ్మ చీర మార్చుకోలేదు. వార్డు వేళ దాటిపోతోంది. ఆ ఇంట్లో అంత నెమ్మదిగా కదిలిన సాయంత్రం నాకు ఇంకొకటి గుర్తు లేదు. అప్పుడు సందు మొదట్లో గంట మోగింది. బాపు రిక్షాను వెంటబెట్టుకుని వచ్చి, గడప దగ్గర ఆపించి, లోపలికి రాకుండానే, "రిక్షా వచ్చింది, పోండ్రి," అన్నాడు. అని సైకిల్ మళ్లించుకుని గడ్డికి వెళ్లిపోయాడు. యాదగిరి దుకాణానికి కాదు, ఇంకో దుకాణానికి.

పరీక్ష రోజు నాయనమ్మా నేనూ దవాఖాన గోడ పక్కన కూర్చున్నాం. చిన్నత్త బయటికి వచ్చేసరికి నాయనమ్మ తెచ్చిన వక్కాకంతా అయిపోయింది. చిన్నత్తకు ఈసారి హెర్నియా కేసు రాలేదు. కాళ్ల నరాలు ఉబ్బిన ఒక హమాలీ వచ్చాడట. అదే సారు. "చూసినవా?" అని మళ్లీ అదే అడిగాడట. "నిలబెట్టి చూసిన సార్, పడుకోబెట్టి చూసిన, రెండు కాళ్లు చూసిన," అందట. ఆయన ఎడమ కాలి సంగతి చెప్పు అన్నాడట. నోట్సులో ఆ కాగితం ఆమె చదవలేదు. చూసినదంతా చూసినట్టు చెప్పింది. సారు ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ఫలితం వచ్చేదాకా ఆ ముఖం ఎలా ఉందో మాకు రోజూ చేసి చూపించేది. ఒకసారి నవ్వినట్టు, ఒకసారి విసుక్కున్నట్టు. పాసైందని రజియా పరుగెత్తుకొచ్చి చెప్పిన రోజు బాపు ఇంట్లో లేడు. తిరిగొచ్చాక విని, "సరే," అన్నాడు. ఆ పూట కొలత లేకుండా అందరి గిన్నెలూ నింపాడు. నాయనమ్మ కూడా చూడనట్టు ఊరుకుంది.

బాపు మాత్రం తన సంగతి ఆ వానాకాలం అంతా వాయిదా వేశాడు. బతుకమ్మ పండుగ అయ్యాక నాయనమ్మ అన్నం పెట్టనంటే గానీ అడ్మిట్ కాలేదు. అప్పటికి చిన్నత్త అదే దవాఖానలో హౌస్ సర్జన్, ఆడవాళ్ల వార్డులో. "నువ్వు నా మంచం కాడికి రాకు," అని బాపు ముందే ఒట్టు వేయించుకున్నాడు. చిన్నత్త ఆ మాట నిలబెట్టుకుంది. వార్డు గుమ్మం దాకా వచ్చి, అక్కడి నుంచే నన్ను అడిగి తెలుసుకుని వెళ్లేది. ఆపరేషన్ ముందురోజు నేను అన్నం క్యారేజీ తీసుకెళ్లాను. మెడికల్ విద్యార్థుల గుంపు ఒకటి మంచాల మధ్యగా వచ్చి, బాపు చుట్టూ మూగి, చూసి, రాసుకుని వెళ్లిపోయింది. బాపు అంతసేపూ గోడవైపు తిరిగి ఉన్నాడు. ఒకమ్మాయి మాత్రం వెనక మిగిలింది. నాకంటే ఆరేడేళ్లు పెద్ద ఉంటుందేమో. పుస్తకం గుండెలకు ఆనించుకుని, మంచం వైపు ఒక అడుగు వేసి, ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. గుంపులో ఆమె ఏమీ చూడలేదని చూస్తేనే తెలుస్తోంది. వెళ్లిపోదామని తిరిగింది.

"ఇటు రా బిడ్డా," అన్నాడు బాపు.

ఆమె ఉలిక్కిపడింది. "ఏం లేదండీ. చూశాను."

"చూడలే నువ్వు," అన్నాడు బాపు. ముఖం ఇంకా గోడవైపే ఉంది. "చూడకుంట పోతే తప్పుతవ్. మా చెల్లె గట్లనే తప్పింది. రా, చూస్కో. ఫికర్ చెయ్యకు." తర్వాత నా వైపు తిరిగి, కోపం తెచ్చుకుని, "నువ్వేం నిలబడ్డవే? బయటికి నడువ్," అన్నాడు.

నేను క్యారేజీతో పాటు వరండాలోకి వచ్చేశాను. లోపల ఆ అమ్మాయి సన్నని గొంతుతో ఏదో చెప్పింది. అప్పుడు బాపు దగ్గాడు. అవసరమైన దానికంటే చాలా గట్టిగా, వార్డంతా వినేలా దగ్గాడు. కాసేపాగి, ఆమె అడగకుండానే, మళ్లీ ఇంకోసారి.

నేను బాపు అంత ధైర్యం గలదాన్ని కాను. ఆయన చూపించింది తన ఒళ్లు. రేపు నేను చూపించాల్సింది నా ఒళ్లు కాదు, నోరు లేని పసివాడిది. వాడి ఏడుపును ఇన్నాళ్లుగా అరచేతులతో ఆపుతూ వచ్చాను. రేపు వాళ్ల కోసం వాడిని ఏడవనివ్వాలి. ఆలోచిస్తేనే చేతులు చల్లబడుతున్నాయి. గుంపు వచ్చినప్పుడు నా నోటి నుంచి ఏ మాట వస్తుందోనని ఇప్పటికీ భయంగానే ఉంది. కానీ చిన్నత్తను లేపి అడగను. ఆమె మళ్లీ నా ఇష్టమే అంటుంది. వాడిని ఎవరి చేతికీ ఇవ్వను, నా ఒళ్లోనే పడుకోబెట్టుకుని కూర్చుంటాను. ఒక్కొక్కరుగా రమ్మంటాను. వెనక నిలబడ్డ పిల్లలెవరైనా ఉంటే వాళ్లను ముందు పిలుస్తాను. ముట్టుకునే ముందు చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకోమని మాత్రం చెబుతాను.